కాలు నిలిచే రంగు

“కాలు జారితే తీసుకోగలంగాని నోరు జారితే తీసుకోలేము” అని మనకొక సామెత వున్నది. బడిపిల్లలచేత తరతరాలుగా వల్లె వేయిస్తూనే వున్నాము. ఈ సామెతను పుట్టించిన మహానుభావుడెవరో తెలియదుగాని, మెట్టప్రాంతపు మనిషే అయివుండాలి. మరపడవ ఎక్కి సముద్రంమీద ఒక్క రాత్రి గడిపినవాడు ఆ మాట అనడు. అర్ధరాత్రివేళ, పడవ ఒక పక్కకు వొరిగి మళ్లీ రెండో పక్కకు వొరుగుతున్న సమయాన, నీళ్లోడుతున్న వలను నలుగురూ కలిసి లాగుతున్నప్పుడు అందులో ఒకడి కాలు జారిందంటే, దాన్ని వెనక్కు తీసుకునే వ్యవధి వుండదు. కింద పడితే ఎముక విరగవచ్చు. తిరుగుతున్న వించిమీద పడితే చెయ్యి పోవచ్చు. అంచు దాటిపోతే మనిషే పోవచ్చు.

ఆ కాలు నిలుస్తుందా జారుతుందా అన్నది, ఎప్పుడో వేసవిలో రేవుబజారులో ఎవరో కొన్న ఒక రంగుడబ్బాలోనే సగం తేలిపోయి వుంటుందంటే పాఠకులకు విడ్డూరంగా తోచవచ్చు. పడవకు రంగు వేయడమంటే అందం కోసమనీ, మహా అయితే కలప పాడవకుండా వుండడం కోసమనీ మనం అనుకుంటాము. పక్కలకు వేసే రంగు సంగతి అంతే. కాని మనిషి నిలబడే చోట వేసే రంగుకు మూడో పని ఒకటి వున్నది. అది కాలిని పట్టుకోవాలి.

పడవకు ముందుభాగం అణియం, వెనుకభాగం అమరం. ఈ రెండు మాటలూ మన నిఘంటువుల్లో భద్రంగా వున్నాయి. నడుమ మనుషులు నిలబడి పనిచేసే పైబల్లను మాత్రం అందరూ ‘డెక్కు’ అనే అంటారు. ఎక్కణ్ణుంచి వచ్చినా ఇప్పుడది రేవుమాటే గనుక మనమూ అట్లాగే అందాము. ఈ డెక్కుమీద ఏమేముంటాయో ఒక్కసారి మనసులో పెట్టుకోండి. ఎగిరిపడిన సముద్రపునీరు, ఐసు కరిగిన నీరు, చేపపొలుసు, రొయ్యతొక్క, చేప వొంటిమీది జిగురు, ఇంజనుగదినుంచి పైకి వచ్చినవాడి కాళ్లకంటిన డీజిలు. ఇవన్నీ ఏకకాలంలో వుంటాయి. వీటి మీదనే పది పదిహేను రోజులు మనుషులు నడుస్తారు, కూర్చుంటారు, ఒక మూల వండుకుని తింటారు, నిద్ర వస్తే అక్కడే నడుము వాలుస్తారు.

మన తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులపాటు, చేపలు గుడ్లుపెట్టే కాలమని మరపడవలకు వేట నిషేధం. విశాఖ చేపలరేవులోగాని, కాకినాడ కుంభాభిషేకం రేవులోగాని, మచిలీపట్నం పక్కన గిలకలదిండిలోగాని ఆ రెండు నెలలూ చూడవలసిన వేడుక. పడవలు ఒడ్డుకెక్కుతాయి. ఇంజన్లు విప్పుతారు, వలలు బాగుచేస్తారు, రంగులు వేస్తారు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం, పసుపు. రేవంతా పెళ్లిపందిరిలా వుంటుంది. అణియంమీద కళ్లు దిద్దేవారు కొందరు, దేవుడి పేరు రాయించేవారు కొందరు. ఈ హడావుడిలో డెక్కుకు ఏం వేస్తున్నారని అడిగేవాళ్లు తక్కువ. పక్కలకు వేయగా మిగిలిన మెరుపు ఎనామిలే డెక్కుకు కూడా పులిమేస్తారు చాలామంది. అద్దంలాగా తళతళలాడుతుంది. ఆ తళతళే పెద్ద గండం.

మా కాలేజీలో చదివే ఒక కుర్రవాడి తండ్రికి స్వంత పడవ వున్నది. నిషేధం రోజుల్లో ఒకనాడు ఆయన చేతిలో రంగుడబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

“మాస్టారూ, విశాఖనుంచి తెప్పించాను. జారని రంగని చెప్పారు. దీనిమీద ఏం రాసుందో మావాడికి సగమే తెలిసింది. మీరు చదివి చెప్పాలి,” అన్నాడు.

తెలుగు తీరంలో అమ్మే డబ్బాకు తెలుగు అక్షరం ఒక్కటి లేదు. ముత్యమంత అక్షరాలతో నాలుగు పక్కలా ఇంగ్లీషు. అంతా చదివాను. కలిపే పాళ్లు, ఆరే గడువు, అన్నీ వున్నాయి. ముందువైపున మాత్రం పెద్ద అక్షరాలతో ‘ఆర్-12’ అని గర్వంగా వేసుకున్నారు. ఆ ఆర్-12 ఏమిటో తెలుసుకుందామని రెండు మూడు రోజులు వెతికాను. వెతికినకొద్దీ ఈ వ్యాసానికి కావలసిన అసలు సంగతి అక్కడే దొరికింది.

అది జర్మనీవారి లెక్క. నేల ఎంత జారుతుందో కొలవడానికి వాళ్లు చక్కని ఉపాయం చేశారు. పరీక్షించవలసిన పలకను ఒక ఏటవాలు బల్లకు బిగించి, దానిమీద నూనె పోసి, మనిషిని నడిపిస్తారు. నడుస్తూ వుండగా బల్లను నెమ్మదిగా ఇంకా వాల్చుతారు. ఇక నడవలేనని మనిషికి తోచిన కోణమేదో అదే ఆ పలకకు వచ్చిన మార్కు. 6 డిగ్రీలనుంచి 10 దాకా అయితే ఆర్-9. 27 డిగ్రీలు దాటి 35 దాకా నిలిస్తే ఆర్-12. ఆపైన ఆర్-13. ఇంతవరకు బాగానే వున్నది. కాని ఆ నడిచే మనిషి కాళ్లకు పనివాళ్ల బూట్లుంటాయి! ఉత్తకాళ్లకు వాళ్లే వేరే పరీక్ష పెట్టారు. అందులో నూనె బదులు సబ్బునీళ్లు, బూట్ల బదులు వట్టిపాదాలు. మార్కులు కూడా వేరు. 12 డిగ్రీలు నిలిస్తే ఏ, 18 నిలిస్తే బి, 24 నిలిస్తే సి. ఈతకొలనుల దగ్గర పరిచే రాళ్లకు చూసేది ఈ రెండో పరీక్షనే.

ఈ ముక్క పడవాయనకు చెప్పాను. “ఇది బూట్లు తొడుక్కునేవాళ్ల లెక్క, నాయనా. మీవాళ్లకు వర్తిస్తుందో లేదో చూసుకోవాలి,” అన్నాను.

ఆయన నవ్వాడు. “బూట్లేసుకుని వల లాగితే మేమే వలలో పడతాం, మాస్టారూ!” అన్నాడు.

నవ్వులాటకు అన్నా ఆ మాటలో చాలా వున్నది. జారని రంగుల గురించి అచ్చయిన పుస్తకాలూ కరపత్రాలూ ముప్పాతికమువ్వీసం పడమటిదేశాలవి. అక్కడి నావికుడు బూటు వేసుకుంటాడు. బూటు అడుగుకు ఎంత గరుకుంటే అంత మంచిది. మన కళాసీ ఉత్తకాళ్లమీద వుంటాడు. రోజంతా నీళ్లలో నాని మెత్తబడిన అరికాలది. దానికింద పదునైన గరుకు పెడితే కాలు జారదు సరే, చర్మం లేచిపోతుంది. ఉప్పునీళ్లలో ఆ పుండు మానదు. నాలుగోనాటికి వాడు కాలు ఏటవాలుగా మోపడం మొదలుపెడతాడు. అప్పుడు నిజంగానే పడతాడు. అందుచేత జారని రంగు ఎన్నుకునేటప్పుడు ‘ఎంత గరుకు?’ అన్నది రెండో ప్రశ్న. ‘దీనిమీద నిలబడే కాలు ఎట్లాంటిది?’ అన్నది మొదటి ప్రశ్న.

తడినేలమీద కాలు ఎందుకు జారుతుందో కాస్త చూద్దాము. నునుపుగా వుండడంవల్ల జారుతుందని అందరూ అంటారు. పొడిగా వున్న గాజుపలకమీద ఉత్తకాలితో నిలబడండి. కాలు జారదు సరికదా, అంటుకున్నట్టే వుంటుంది. దానిమీదనే చెంబెడు నీళ్లు పోస్తే నిలవలేరు. పలక మారలేదు, కాలు మారలేదు. నడుమ ఒక నీటిపొర వచ్చింది. కాలు మోపగానే ఆ నీరు పక్కకు తప్పుకుంటే కాలు పలకను తాకుతుంది. నున్నటి పలకమీద అది తప్పుకునే దోవ లేదు. దానికి దోవ చూపించడమే గరుకు చేసే పని. రంగులో అక్కడక్కడా లేచివున్న రేణువులు నీటిపొరను చీల్చుకుని పైకివచ్చి అరికాలును తాకుతాయి. రేణువుల మధ్య సందుల్లోకి నీరు తప్పుకుంటుంది. చేపజిగురు నీటికంటె చిక్కన, తప్పుకోవడానికి బద్ధకిస్తుంది. కనుక చేపలపడవమీద రేణువు కొంచెం ఎత్తుగా వుండాలి, సందులు కొంచెం వెడల్పుగా వుండాలి.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. పూర్వం ఇంగ్లీషువారి యుద్ధనౌకల్లో పోరు మొదలయ్యేముందు ఫిరంగుల దగ్గర డెక్కుమీద ఇసుక చల్లేవారు. నెత్తుటిమీద సైనికుల కాళ్లు జారకుండా వుండడానికి! టేకుబల్లల డెక్కుకు రంగూ వార్నీషూ ఏమీ పూయక, ఇసుకరాతితో తోమి కడిగేవారు. కలప ఈనె పైకితేలి, అదే కాలిని పట్టేది. టేకు అంత మంచిది. కాకపోతే ఇవాళ టేకు ధర వింటేనే కాలు జారుతుంది.

ఇక బజారులో దొరికే ఉపాయాలు. అన్నిటిలోకీ పాతది, చవక అయినది, రంగులో ఇసుక. తడి రంగుమీద ఇసుక చల్లి, ఆరిన తరువాత వదులుగా వున్నది ఊడ్చేసి, మళ్లీ పైన ఒక పూత వేయడం. ఎవరైనా చేసుకోవచ్చు. చేసేవాళ్లు చేస్తూనే వున్నారు. కాని పడవ ఒడ్డున నిలబడి వుంటుంది, పక్కనే సముద్రపొడ్డున కావలసినంత ఇసుక. వొంగి రెండు దోసిళ్లు ఎత్తి చల్లేస్తారు. ఇంతకంటె పొరపాటు లేదు. ఆ ఇసుకలో ఉప్పు వున్నది. ఉప్పు రంగుపొర కింద చిక్కుపడితే తేమను తనవైపు లాక్కుంటుంది. రంగుపొర పైకి ఎంత గట్టిగా కనిపించినా నీటిఆవిరి దానిలోనుంచి మెల్లగా దిగుతూనే వుంటుంది. కొన్నాళ్లకు కింద నీటిబొబ్బలు లేచి, రంగు చాపచుట్టలాగ చుట్టుకుపోతుంది. దానికింద కలప నానుతుంది. ఏటి ఇసుకే తేవాలి. అదైనా మంచినీళ్లలో రెండు మూడు వాయిలు కడిగి, బాగా ఎండబెట్టి, జల్లెడ పట్టాలి. ఉప్మారవ్వంత రేణువు చాలు, అంటే ఇంచుమించు అర మిల్లీమీటరు. అంతకు మించిన గులకలు కాలికి ముళ్లే.

చల్లడంలోనూ ఒక కిటుకు వున్నది. కొంచెంకొంచెంగా, ముగ్గు వేసినట్టు చల్లితే ఒకచోట ఒత్తుగా ఒకచోట పలచగా పడుతుంది. పలచగా పడినచోట కాలు జారుతుంది. మిగతాచోట జారదన్న ధీమాతో నడుస్తున్నవాడు గనుక మరీ జారుతుంది. మూతకు చిల్లులు పొడిచిన డబ్బాతో, రంగు కనిపించకుండా పూర్తిగా కప్పేటంత చల్లాలి. రంగు తనకు కావలసినంత పట్టుకుంటుంది. మిగిలినది మర్నాడు చీపురుతో ఊడ్చుకుని దాచుకోవచ్చు.

ఇసుకకు బదులు అల్యూమినియం ఆక్సైడు అనే రాతిపొడి అమ్ముతారు. మన ఉప్పుకాగితం మీద అంటించేది చాలామటుకు అదే. గట్టిదనానికి లెక్క కట్టే కొలతలో వజ్రానికి 10 మార్కులైతే, ఇసుకకు 7, దీనికి 9. వాడి అంచులు ఏళ్లతరబడి అరగవు. విమానాలు దిగే యుద్ధనౌకల డెక్కులకు వాడేది ఇటువంటిదే. బూటుకాళ్లకూ, ఇనుపచక్రాలకూ దీన్ని మించినది లేదు. ఉత్తకాళ్లకు మాత్రం నేను వొప్పుకోను. దీనిమీద మోకాళ్లూని కూర్చుని రొయ్య ఏరేవాడి మోకాళ్లు చూస్తే ఎవరూ వొప్పుకోరు. పైగా నైలాను వలను దీనిమీదుగా రోజుకు నాలుగుసార్లు ఈడిస్తే, ఆకురాయిమీద ఈడ్చినట్టే. వల ఖరీదుముందు రంగు ఖరీదు ఎంత?

మూడవది, ప్లాస్టిక్కు రేణువులు. గుండ్రంగా, సన్నగా, కొంచెం మెత్తగా వుంటాయి. వీటిని రంగులో కలిపి వేసేవారూ వున్నారు, పైన చల్లేవారూ వున్నారు. ఇసుకయితే డబ్బా అడుగుకు దిగిపోతుంది, కలియబెడుతూనే వుండాలి. ఇవి తేలిక గనుక అంత బాధ లేదు. పదునైన అంచు లేదు కాబట్టి అరికాలికి హాయి, వలకు హాయి. మళ్లీ గీకి తీయవలసివచ్చినప్పుడు సులువుగా వస్తాయి. అరుగుదల మాత్రం ఇసుకకంటె ఎక్కువ. అక్రోటుకాయ పెంకును పొడిచేసి కలిపే పద్ధతి కూడా ఒకటి వున్నది.

మరొకటి, గరుకు ఏమీ కలపకుండా, పెరుగుకంటె చిక్కగా వుండే రబ్బరురంగును గళ్లుగళ్ల రోలరుతో వత్తి, చిన్నచిన్న అలలు లేచేట్టు చేయడం. ఆరిన తరువాత పాదానికి పనసతొక్కలాగ తగులుతుంది, కాని గుచ్చదు. వినోదానికి తిరిగే పడవలకు, గోదావరిమీద షికారు లాంచీలకు ఇది బాగా నప్పుతుంది. ఇక అంటించే చాపలు. చూడడానికి సొగసుగానే వుంటాయి. చేపలపడవమీద గాలపు మొన తగిలినా, లంగరు పడినా చిరుగుతాయి. ఒకచోట అంచు లేచిందా, దానికింద నీరు చేరి కలప కుళ్లుతుంది, పైకి తెలియదు. ఇంతకుమించి వాటినిగురించి చెప్పదలచుకోలేదు.

అసలు విడ్డూరం ఇంకొకటి వున్నది. పడమటిదేశాల్లో కొందరు పడవలవాళ్లు తడి ఎపాక్సీ పూతమీద పంచదార చల్లుతారు! పూత గట్టిపడిన తరువాత వేడినీళ్లు పోసి కడిగితే పంచదార కరిగిపోయి, దాని చోట చిన్నచిన్న గుంటలు మిగులుతాయి. గుంటల అంచులు కాలిని పట్టుకుంటాయి. పైకి లేచే ముల్లు లేదు, ఖర్చు లేదు. మనదేశంలో ఆ పూత గట్టిపడేదాకా చీమలు ఊరుకుంటాయా అన్నది నా సందేహం. అదీగాక, ఆ గుంటల్లో చేపజిగురు చేరితే కడగడం కష్టం. విహారపడవలవాళ్ల ముచ్చటగా దాన్ని వదిలిపెడదాము.

ఇంతకూ ఆ పడవాయనకు ఏం చెప్పాలి? ఒక్కటే రంగు, ఒక్కటే గరుకు డెక్కంతా పరచాలన్న నియమమేమీ లేదు. ఆయన్నే అడిగాను, ఎవరెక్కడ నిలబడతారో నేలమీద బొగ్గుతో గీసి చూపించమని. మా వాకిట్లో పడవంత బొమ్మ గీశాడు. వించి ఇక్కడ. వల ఇక్కడినుంచి పైకి వస్తుంది. ఇద్దరు ఇక్కడ కాళ్లు తన్నిపెట్టి లాగుతారు. చేప ఇక్కడ కుమ్మరిస్తారు, ఇక్కడ కూర్చుని ఏరతారు. ఐసుగది మూత ఇది. అణియంమీదికి లంగరు వేసేటప్పుడే పోతారు, కాని పోయినప్పుడు అలలు మీదపడుతుంటాయి. గీసినంతసేపు పట్టలేదు విషయం తేలడానికి. కాళ్లు తన్నిపెట్టే చోటా, వించి చుట్టూ, అణియంమీదా ఇసుక. కుమ్మరించి ఏరే చోట మెత్తని రేణువులు. ఐసుగది మూతను ఆయన మొదట లెక్కలోకే తీసుకోలేదు. “అది డెక్కు కాదు గదండీ, మూత,” అన్నాడు. మూతమీదనుంచి ఎవరూ నడవరా అంటే, అందరూ నడుస్తారన్నాడు.

అంచుగోడ వెంబడి జానెడు వెడల్పున మాత్రం నున్నగా వదలాలి. నీరు ఆ దోవన బయటికి పోతుంది, పొలుసు నిలవదు. మేకుల చుట్టూ, తాడు కట్టే దుంగల చుట్టూ రెండు వేళ్ల మేర వదలాలి. గరుకుమీద చీపురు ఆడని మూలల్లోనే కంపు మొదలవుతుంది.

రంగు వన్నె సంగతి కూడా ఉత్తకాళ్లవాళ్లకు ముఖ్యమే. ముదురాకుపచ్చ, ఎరుపు ఎంత ముచ్చటగా వున్నా ఎండను తాగేస్తాయి. మధ్యాహ్నం అడుగు పెట్టలేరు. తెల్లగా వేస్తే కళ్లు చెదురుతాయి. లేత బూడిదవన్నెగాని, మీగడవన్నెగాని మేలు. మెరుపులేని రంగయితే మరీ మేలు.

పూతకుముందు చేసే చాకిరీ సగం వంతు. అందరూ మొదట ఉప్పుకాగితం పట్టుకుంటారు. అది వెనకాముందు చేయడం. చేపనూనె, డీజిలు మరకలు వున్న బల్లను ముందే రుద్దితే ఆ జిడ్డు కలపలోకి ఇంకా లోతుగా దిగుతుంది. ముందు సబ్బునీళ్లతో కడగాలి, మంచినీళ్లతో ఉప్పు పోయేదాకా కడగాలి, ఆరాలి, అప్పుడు రుద్దాలి. జిడ్డు పోయిందో లేదో తెలియాలంటే కాసిని నీళ్లు చిలకరించండి. ఆకుమీది నీళ్లలాగ బొట్లుబొట్లుగా నిలిస్తే జిడ్డు వున్నట్టు, పలచగా పరుచుకుంటే పోయినట్టు. జిడ్డుమీద వేసిన రంగులో గుండ్రని చిల్లులు లేస్తాయి. ఇంగ్లీషులో వీటిని చేపకళ్లు అన్న అర్థంవచ్చే మాటతోనే పిలుస్తారట. చేపలపడవకు తగిన జబ్బే. ఫైబరు పడవలకు అచ్చులోనే వచ్చిన గళ్లు వుంటాయి. వాటిని రుద్ది నున్న చేయకూడదు, బ్రష్షుతో సందుసందూ తోమాలి.

పాత ఎనామిలుమీద రెండు డబ్బాలు కలిపి వేసే గట్టిరకం రంగు వేయకండి. దానిలోని ద్రావకం పాత రంగును ముడతలు పెట్టి లేపేస్తుంది. వేయాలంటే పాతది పూర్తిగా తీసేయాలి. ఎపాక్సీ గట్టిదే అయినా ఎండకు పొడిపొడిగా సున్నంలాగ రాలుతుంది కాబట్టి దానిపైన పాలీయురేథేను పూత వుండాలి. ఆ రెండో రకాన్ని పిచికారీతో కొట్టే పని ఇంటి పనివాళ్లు పెట్టుకోకూడదు. ఆ తుంపర పీలిస్తే ఉబ్బసం పట్టుకుంటుంది. రోలరుతోనో కుంచెతోనో, గాలి ఆడేచోట వేసుకోవాలి.

నిషేధం రోజులన్నీ ఎండాకాలమే. రోహిణీకార్తెలో రోళ్లు పగులుతాయంటారు, రంగు పగలదా? మిట్టమధ్యాహ్నం కాగిన బల్లమీద వేస్తే పైపొర గబుక్కున ఆరి లోపలి ద్రావకం చిక్కుపడుతుంది, బుడగలు లేస్తాయి. చల్లిన ఇసుక లోపలికి దిగకముందే పైన ఆరిపోతుంది, కాలు పెట్టగానే రాలుతుంది. పోనీ సాయంత్రం వేద్దామంటే సముద్రపొడ్డున రాత్రి తేమ. ఉదయం మంచు ఆరిన తరువాత ఎనిమిదినుంచి పదకొండులోపు మంచి సమయం. పైన పందిరిగుడ్డ కట్టుకుంటే ఇంకా మంచిది.

ఎవరూ తలచుకోని సంగతి ఒకటి చెప్పాలి. ఏటా పడవకు రంగు వేయడం ఆనవాయితీ. మొదటి సంవత్సరం ఇసుక చల్లి పూత వేస్తారు. రెండో ఏడు శుభమా అని దానిమీద మరో పూత. మూడో ఏడు మరొకటి. ప్రతి పూతా రేణువుల నడుమ సందులను కొంత పూడుస్తుంది. మూడునాలుగేళ్లకు గరుకు రంగుకింద సమాధి అవుతుంది. ‘మా పడవకు ఇసుకరంగే వేయించాను’ అని యజమాని నిజమే చెపుతాడు. కళాసీ జారిపడడమూ నిజమే. రెండు పూతలు దాటాక గీకివేసి మళ్లీ చల్లవలసిందే. ఆ గీకడంలోనూ జాగ్రత్త వుండాలి. ఇసుక కలిసిన పాత రంగును పొడిగా రుద్దితే లేచే ధూళి ఊపిరితిత్తుల్లో చేరి మళ్లీ బయటికి రాదు. రాతిగనుల పనివాళ్లకు వచ్చే సిలికోసిస్ జబ్బు ఈ ధూళివల్లనే. పాత రంగుల్లో సీసం కూడా వుండవచ్చు. మనదేశంలో సీసాన్ని పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించనీయకుండా చేసిన 2016 నాటి నిబంధనలు ఇళ్లరంగులకోసం చేసినవి, అవైనా 2017 నవంబరునుంచే అమలుకు వచ్చాయి. తడిపి రుద్దడం, ముక్కుకు మంచి మాస్కు కట్టుకోవడం, చిన్నపిల్లలను ఆ దరిదాపులకు రానీయకపోవడం తప్పనిసరి.

పడవాయన అన్నీ విన్నాడు. చివరకు, “ఇన్ని చెప్పారు, బాగానే వుంది. కాని మాస్టారూ, ఇసుక వేస్తే డెక్కు మాసినట్టు కనిపిస్తుంది. పండగనాడు గంగమ్మకు కొబ్బరికాయ కొట్టేటప్పుడు నా పడవ ఒక్కటే మెరవకుండా వుంటే నలుగురూ ఏమనుకుంటారు?” అన్నాడు.

చిక్కంతా ఇక్కడే వున్నది. రంగు కొనేవాడు పడవను ఒడ్డున నిలబడి చూస్తాడు. కళాసీ దానిమీద నిలబడతాడు. కొనేవాడికి కళ్లతో పని, నిలబడేవాడికి కాళ్లతో పని. ఈ ఇద్దరూ కలిసి రంగుదుకాణానికి వెళ్లడం నేనెన్నడూ వినలేదు.

“పక్కలు మీ ఇష్టం వచ్చినట్టు మెరిపించుకోండి. డెక్కుమాట మీవాళ్లనే అడగండి,” అన్నాను. అడగడానికి మాటలు అక్కరలేదు కూడా. మూరెడు పలకలు నాలుగు తీసుకుని, ఒకదానికి మెరుపు ఎనామిలు, ఒకదానికి ఇసుక, ఒకదానికి మెత్తని రేణువులు, ఒకదానికి రోలరు రంగు వేసి వారంరోజులు ఆరనివ్వాలి. ఒక చివర ఇటుక పెట్టి వాలుగా వుంచి, చేపలు కడిగిన నీళ్లు పోయాలి. కళాసీలను ఒక్కొక్కరిగా ఉత్తకాళ్లతో ఎక్కించాలి. ఇటుకమీద ఇటుక పెడుతూ పోవాలి. పక్కన పట్టుకునేందుకు ఒకడుండాలి. ఆ తరువాత మోకాళ్లమీద కాసేపు కూర్చోమనాలి. పాత వలముక్కను వందసార్లు అటూఇటూ ఈడ్చి, పోగులు లేచాయేమో చూడాలి. చివర చీపురుతో కడిగి, జిగురు ఎక్కడ మిగిలిందో వాసన చూడాలి. జర్మనీవారి బల్లకు ఇది చెల్లెలివరుస. ఖర్చు మాత్రం నాలుగు చెక్కముక్కలు.

ఆయన పలకలు వేయించాడు. కళాసీలు ఆరుగురూ ఎక్కారట. మెరుపు పలకమీద రెండో ఇటుకకే ముగ్గురు జారారు. అందరిలోకీ పెద్దవాడు, ముప్పయ్యేళ్లుగా సముద్రంమీద వున్నవాడు, నిలబడడానికి ఇసుకపలకనూ కూర్చోవడానికి రేణువులపలకనూ వేలుపెట్టి చూపించాడట. “ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు బాబూ,” అన్నాడని పడవాయనే చెప్పాడు.

మిగిలిన ఇసుకను గాజుసీసాలో పోసి, చిన్నడబ్బాలో కొంచెం రంగుతోపాటు పడవలోనే వుంచుకోమన్నాను. వించి ఎదుట ఇద్దరు నిలబడే చోటు అన్నిటికంటె ముందు అరుగుతుంది. దానికోసం వచ్చే ఏటి నిషేధందాకా ఆగనక్కరలేదు. పడవ రేవులో వున్న రోజున ఒక పూట ఆరనిస్తే చాలు.